అప్‌డేట్: నాయిస్ థర్మామీటరు 31 మిల్లీకెల్విన్ దగ్గర ఆగిపోవడానికి కారణం దొరికింది

డైల్యూషన్ రిఫ్రిజిరేటరు (పరమ శూన్య ఉష్ణోగ్రత దగ్గరి వరకు చల్లబరిచే యంత్రం) అడుగున థర్మామీటరుగా బిగించిన రుథీనియం ఆక్సైడ్ నిరోధకం 12 మిల్లీకెల్విన్ (కెల్విన్‌లో వెయ్యో వంతులు) చూపుతుండగా, పక్కనే ఉన్న, ఎలక్ట్రాన్ల నాయిస్‌ను బట్టి ఉష్ణోగ్రత చెప్పే నాయిస్ థర్మామీటరు 31 కంటే కిందికి ఎందుకు దిగడం లేదని గత నెలలో అడిగాను. నాయిస్ మొత్తం శక్తిని కాకుండా స్పెక్ట్రాన్ని, అంటే ఏ పౌనఃపున్యం వద్ద ఎంత శక్తి ఉందో, పరిశీలించమని వచ్చిన సలహాయే దారి చూపింది.

1928లో జాన్సన్ కొలిచి, నైక్విస్ట్ వివరించిన ఉష్ణ నాయిస్ (వేడి వల్ల ఎలక్ట్రాన్లు అటూఇటూ కదలడంతో పుట్టే విద్యుత్ హెచ్చుతగ్గులు) శక్తి పరమ ఉష్ణోగ్రతకు అనులోమానుపాతంలో ఉంటుంది. మా పరికరంలో రాగి ముక్కలోని ఎలక్ట్రాన్ల కదలిక వల్ల పుట్టే అతి సూక్ష్మమైన అయస్కాంత హెచ్చుతగ్గులను స్క్విడ్ అనే అతి సున్నితమైన అయస్కాంత సెన్సర్ పసిగడుతుంది. స్పెక్ట్రాన్ని గీసి చూస్తే, చదునైన నేలపై 50, 150, 250 హెర్ట్జ్ వద్ద సూదుల్లాంటి శిఖరాలు నిలబడి ఉన్నాయి. ఇవి కరెంటు సరఫరా నుంచి చొరబడినవి. వాటి శక్తి ఉష్ణోగ్రతతో పాటు తగ్గదు కాబట్టి, 800 మిల్లీకెల్విన్ వద్ద దాదాపు కనబడని తేడా అతి తక్కువ ఉష్ణోగ్రతకు చేరేసరికి కొలతను పూర్తిగా మింగేసింది.

ఆ చొరబాటును ఆపడానికి, రెండు చోట్ల ఇచ్చిన ఎర్త్‌లలో ఒకదాన్ని తీసేసి, 9.2 కెల్విన్ కంటే కింద అతివాహకంగా (విద్యుత్ నిరోధం లేకుండా) మారి బయటి అయస్కాంత క్షేత్రాన్ని అడ్డుకునే నయోబియం తొడుగును అమర్చాం. ఇప్పుడు నాయిస్ థర్మామీటరు రీడింగు 13 మిల్లీకెల్విన్ దగ్గర స్థిరంగా ఉంది.

ఓపిక మాత్రం తప్పనిసరి: నాయిస్ యాదృచ్ఛికం కాబట్టి, 100 హెర్ట్జ్ వెడల్పున్న పౌనఃపున్య పట్టీలో ఒక శాతం ఖచ్చితత్వం రావాలంటే సుమారు 100 సెకన్లు సగటు తీయాలి. అర శాతం కావాలంటే అందుకు నాలుగు రెట్ల సమయం పడుతుంది. రెండు థర్మామీటర్ల మధ్య మిగిలిన ఆ ఒక్క మిల్లీకెల్విన్ తేడాను, టంగ్‌స్టన్ అతివాహకంగా మారే ఉష్ణోగ్రతతో (సుమారు 15 మిల్లీకెల్విన్) పోల్చి తేల్చబోతున్నాం.