భర్త కిడ్నీకి ఫ్లో క్రాస్‌మ్యాచ్ పాజిటివ్: పాత కాన్పుల వల్లేనా?

ప్రశ్న (డయాలసిస్ నర్సు):
పేషెంట్ వయసు 46. రెండు కాన్పులు, ఒక అబార్షన్. రక్తం ఎప్పుడూ ఎక్కించలేదు. భర్తదీ అదే బ్లడ్ గ్రూప్, కిడ్నీ ఇస్తానంటున్నారు. సీడీసీ క్రాస్‌మ్యాచ్ (దాత కణాల మీద పేషెంట్ రక్తంలో యాంటీబాడీలు ఉన్నాయేమో చూసే పరీక్ష) నెగెటివ్. అదే పరీక్ష ఇంకా సున్నితమైన ఫ్లో పద్ధతిలో చేస్తే టీ సెల్ నెగెటివ్, బీ సెల్ పాజిటివ్ (రెండూ దాత తెల్ల రక్తకణాల రకాలే). చిన్నవాడికే 21 ఏళ్లు, ఇన్నేళ్ల తర్వాత కూడా కాన్పుల ప్రభావం ఉంటుందా? పిల్లలిద్దరూ ముందుకొస్తున్నారు. వాళ్లకు టెస్టులు చేయించడం దండగా?

జవాబు (హెచ్‌ఎల్‌ఏ ల్యాబ్):
ఉంటుందండి. హెచ్‌ఎల్‌ఏ అంటే సొంత కణమో పరాయి కణమో శరీరానికి తెలిపే గుర్తులు. బిడ్డ హెచ్‌ఎల్‌ఏలో సగం తండ్రిది. కడుపుతో ఉన్నప్పుడు, ముఖ్యంగా కాన్పు సమయంలో బిడ్డ రక్తకణాలు తల్లి రక్తంలో కలుస్తాయి. ఆమె శరీరం ఆ సగాన్ని పరాయిదిగా గుర్తించి యాంటీబాడీలు తయారుచేయవచ్చు. అబార్షన్ కూడా లెక్కలోకే వస్తుంది. అందరు తల్లుల్లో ఇలా జరగదు, కాన్పులు పెరిగేకొద్దీ అవకాశం పెరుగుతుంది. 1958లో జాన్ వాన్ రూడ్, రోజ్ పేన్ అనే పరిశోధకులు ఎవరికి వారుగా ఈ యాంటీబాడీలను చూపించింది పిల్లల తల్లుల సీరంలోనే (రక్తంలోని ద్రవభాగం).

మీ రిపోర్టుకొస్తే, హెచ్‌ఎల్‌ఏ గుర్తులు (యాంటిజెన్లు) రెండు తరగతులు. క్లాస్ 1 యాంటిజెన్లు టీ, బీ కణాలు రెండింటి మీదా ఉంటాయి. క్లాస్ 2, అంటే డీఆర్, డీక్యూ, డీపీ, మామూలుగా బీ కణాల మీదే. కాబట్టి మొదటి అనుమానం క్లాస్ 2 యాంటీబాడీ మీదే. బలహీనమైన క్లాస్ 1 యాంటీబాడీ ఉన్నా ఇలాగే రావచ్చు. రిటుక్సిమాబ్ (బీ కణాల మీద పనిచేసే మందు) ఇచ్చి ఉంటే అదొక్కటే బీ సెల్ క్రాస్‌మ్యాచ్‌ను తప్పుగా పాజిటివ్ చూపిస్తుంది, కేస్ షీటు చూడండి. తర్వాత సింగిల్ యాంటిజెన్ బీడ్ పరీక్ష (ఏ యాంటిజెన్ మీద యాంటీబాడీ ఉందో విడివిడిగా చూపేది) చేయించి, అందులో వచ్చినవాటిని భర్త టైపింగ్‌తో (ఆయన హెచ్‌ఎల్‌ఏ గుర్తులేవో చెప్పే పరీక్ష) పోల్చాలి. ఎక్కడా కలవకపోతే ఆమె కణాలతోనే ఆటో క్రాస్‌మ్యాచ్ చేసి, యాంటీబాడీ సొంత కణాల మీదేనేమో చూడాలి.

పిల్లల టెస్టులు దండగ కాదు. భర్తలో రెండు హాప్లోటైపులు (కలిసి వారసత్వంగా వచ్చే హెచ్‌ఎల్‌ఏ జన్యువుల గుంపులు) ఉంటే ఒక్కో బిడ్డకు వచ్చేది ఒకటే. ఆమెకు డీఆర్4 అనే క్లాస్ 2 గుర్తు మీద యాంటీబాడీ ఉందనుకుందాం. అది పెద్దమ్మాయికి మాత్రమే వచ్చి ఉంటే అబ్బాయి క్రాస్‌మ్యాచ్ నెగెటివ్ రావచ్చు. ముందు ముగ్గురికీ టైపింగ్ చేయించండి.

జవాబు (నెఫ్రాలజిస్ట్):
పై మాటకు ఒక్కటి కలుపుతాను. బీడ్ పరీక్షలో ఏమీ కనిపించకపోయినా పాత యాంటిజెన్లను గుర్తుపెట్టుకున్న మెమరీ కణాలు ఉండిపోవచ్చు. భర్త లేదా బిడ్డ కిడ్నీ పెట్టాక అవే యాంటిజెన్లు మళ్లీ ఎదురైతే కొన్ని రోజుల్లోనే యాంటీబాడీలు లేచి గ్రాఫ్ట్‌ను (పెట్టిన కిడ్నీని) దెబ్బతీయవచ్చు. అందుకే ఫారంలో "పిల్లలు ఎంతమంది" అని అడిగితే చాలదు. నిలవని గర్భాలూ రాయించాలి, వాటిని చాలామంది చెప్పరు. బీడ్ పరీక్షలో యాంటీబాడీ బలాన్ని చూపే ఎంఎఫ్ఐ అంకె ఒక్కటే చూసి తీర్పు చెప్పొద్దు. ల్యాబుకూ ల్యాబుకూ అది మారుతుంది. యాంటీబాడీ మరీ ఎక్కువైతే ప్రోజోన్ అనే ప్రభావం వల్ల అంకె తక్కువగా కూడా వస్తుంది, సీరాన్ని పలుచన చేసి మళ్లీ చూస్తే బయటపడుతుంది.

ప్రశ్న (డయాలసిస్ నర్సు):
థాంక్యూ సార్. ముగ్గురికీ పాజిటివ్ వస్తే?

జవాబు (నెఫ్రాలజిస్ట్):
దాతల మార్పిడి పద్ధతిలో వేరే జంటతో కలపడం మొదటి దారి. ఆమె తోబుట్టువులనూ అడగండి, హెచ్‌ఎల్‌ఏ పూర్తిగా కలిసే అవకాశం ఒక్కొక్కరికి 25 శాతం. ఇవేవీ కుదరకపోతేనే డీసెన్సిటైజేషన్ (యాంటీబాడీలను తగ్గించే చికిత్స): ప్లాస్మాఫెరెసిస్ (రక్తంలోంచి ప్లాస్మాను, దాంతోపాటు యాంటీబాడీలను తీసేయడం), ప్రతి సెషన్ తర్వాత కిలోకు 100 మి.గ్రా. ఐవీఐజీ (రక్తనాళంలోకి ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్), అవసరమైతే రిటుక్సిమాబ్. దీనివల్ల ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది, యాంటీబాడీలు తిరిగొచ్చే భయమూ ఉంటుంది. అందుకే దాన్ని చివరన పెట్టాను.

ఈలోగా మీ చేతిలో ఉన్న పని, హిమోగ్లోబిన్ పడిపోయి రక్తం ఎక్కించే పరిస్థితి రాకుండా ఐరన్, ఎరిత్రోపొయెటిన్ (ఎర్రకణాలను పెంచే మందు) సరిగ్గా నడపడం. ఎక్కించిన రక్తం వల్లా కొత్త యాంటీబాడీలు రావచ్చు. తప్పక ఎక్కించాల్సి వస్తే ల్యూకోరిడ్యూస్డ్ (తెల్లకణాలు తగ్గించిన) రక్తమే అడగండి, అదీ ముప్పును తగ్గిస్తుందే తప్ప తీసేయదు. ఎక్కించిన 2 నుంచి 4 వారాలకు కొత్త సీరం ల్యాబుకు పంపండి. పాత శాంపిల్‌తో క్రాస్‌మ్యాచ్ చేస్తే కొత్త యాంటీబాడీలు కనపడవు.