గట్టు మీదకెళ్తే బిల్డ్ ఆగిపోతోంది, ఎందుకండీ?

చెరువుగట్టు (భీమవరం దగ్గర)
మా బాబాయి వాళ్ల రొయ్యల చెరువుల కోసం ఆండ్రాయిడ్ యాప్ చేస్తున్నానండీ. పూటపూటా వేసిన మేత, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు తిరిగిన గంటలు, చెక్‌ట్రేలో (మేత తిన్నాయో లేదో చూసే పళ్లెంలో) మిగిలింది రాసుకోడానికి. మొదలుపెట్టింది హైదరాబాద్‌లో ఉన్న ఫ్రెండు. ఫోల్డరంతా పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నాను. ముందు యాప్‌లు రాసే ఆండ్రాయిడ్ స్టూడియో, ఎస్‌డీకే (యాప్ తయారీకి కావాల్సిన ఆండ్రాయిడ్ సామగ్రి) కనపడట్లేదంది. ఇప్పుడు సాయంత్రం ఇంట్లో వైఫై మీద బిల్డ్ (కోడ్‌ని యాప్‌గా తయారుచేయడం) శుభ్రంగా అవుతుంది, మర్నాడు సాయంత్రం సిగ్నల్ లేని గట్టు మీద కూర్చుంటే ‘కుడ్ నాట్ రిజాల్వ్’ (కావాల్సింది దొరకలేదు) అని ఎర్రగా పడుతుంది. కోడ్‌లో అక్షరం మార్చలేదు!

తణుకు కుర్రోడు
బిల్డ్ చేసిపెట్టే టూల్ గ్రాడిల్ కదా, నీ హోమ్ ఫోల్డర్‌లో దానిది డాట్ గ్రాడిల్ ఫోల్డర్ లేపేసి మళ్లీ రన్ కొట్టు బ్రో. నేనెప్పుడూ అదే చేస్తా.

అమలాపురం పాతకాపు
ఆయ్, ఆ పని మాత్రం చేయకండి. దింపుకున్న లైబ్రరీలన్నీ (వేరేవాళ్లు రాసిపెట్టిన కోడ్) ఉండేది అందులోనే. అది పోతే గ్రాడిల్ జిప్పే వంద ఎంబీ పైన, మళ్లీ మొదటి నుంచి దిగాలి. మీ మొబైల్ డేటా ఆ పూటకి అయిపోయినట్టే.

ఎస్‌డీకే సంగతి చిన్నది. లోకల్.ప్రాపర్టీస్‌లో మీ ఫ్రెండు కంప్యూటర్ దారి ఉండిపోయుంటుంది. ఆ ఫైలు ఎవరి మిషన్‌లో వాళ్లదే, గిట్‌లోకి (కోడ్ మార్పులన్నీ దాచి పంచుకునే చోటికి) ఎక్కించకూడదు.

అసలు తేడా వేరే ఉందనిపిస్తుంది. నిన్న అయింది ఇవాళ కావట్లేదంటున్నారు కదా, బిల్డ్ సూచనలుండే బిల్డ్.గ్రాడిల్ ఫైలు తెరిచి డిపెండెన్సీల (యాప్ వాడుకునే లైబ్రరీల) దగ్గర 2.+ (అంటే 2తో మొదలయ్యేవాటిలో అన్నిటికంటే కొత్తది) లాంటిదేమైనా ఉందేమో చూడండి. వెర్షన్ల టీఓఎంఎల్ ఫైలు ఉంటే అందులోనూ వెతకండి. ప్లస్ పెట్టడమంటే మేత పుస్తకంలో కిలోలు రాయకుండా ‘తోచినంత’ అని రాయడమే. గ్రాడిల్ అలాంటివాటికి తేల్చుకున్న వెర్షన్‌ని మామూలుగా 24 గంటలే గుర్తుంచుకుంటుంది. గడువు దాటితే కొత్తదొచ్చిందేమోనని నెట్‌లోకి పరిగెడుతుంది, నెట్ లేకపోతే చతికిలబడుతుంది.

ఇంట్లో వైఫై ఉండగా టెర్మినల్‌లో ‘గ్రాడిల్‌డబ్ల్యూ యాప్:డిపెండెన్సీస్’ అని కమాండ్ కొట్టండి. ప్లస్ పక్కన బాణం గుర్తు, దాని తర్వాత నిజంగా తెచ్చుకున్న వెర్షన్ కనిపిస్తాయి. ఆ అంకెనే ఫైల్లో రాసేయండి. ఈలోగా గట్టు మీద పని ఆగకూడదంటే ఆండ్రాయిడ్ స్టూడియోలో గ్రాడిల్ ప్యానెల్ తెరిచి ఆఫ్‌లైన్ మోడ్ నొక్కండి, ఉన్నదాంతోనే కానిస్తుంది.

చెరువుగట్టు
దొరికిందండీ! చార్టుల లైబ్రరీకొకటి, బ్లూటూత్ దానికొకటి, రెండు ప్లస్సులున్నాయి. అంకెలు పెట్టేశాను. ఇంకోటి, సైనింగ్ పాస్‌వర్డ్ (యాప్ మీద మన డిజిటల్ సంతకం వేసే తాళానిది) కూడా ఆ బిల్డ్.గ్రాడిల్‌లోనే పచ్చిగా ఉంది. పర్లేదా?

అమలాపురం పాతకాపు
పర్లేదేంటండి బాబూ! తీసి మీ హోమ్‌లోని డాట్ గ్రాడిల్ ఫోల్డర్‌లో గ్రాడిల్.ప్రాపర్టీస్ అని ఫైలు పెట్టుకుని అందులో రాయండి. ప్రాజెక్టులో అదే పేరుతో ఇంకోటున్నా హోమ్‌లో దానిమాటే చెల్లుతుంది. బిల్డ్.గ్రాడిల్‌లో పాస్‌వర్డ్ బదులు, అక్కడ దానికి పెట్టిన పేరు మాత్రం ఉంచండి. ఇప్పటికే గిట్‌లోకి వెళ్లిపోయుంటే పాత కమిట్లలో (అందులో దాచిన పాత మార్పుల్లో) అలాగే ఉంటుంది, కాబట్టి పాస్‌వర్డ్ కూడా మార్చేయండి.

తణుకు కుర్రోడు
నా ప్రాజెక్టులో ఐదు ప్లస్సులున్నాయి 😅