అమ్మ చిగుళ్లకి ఆక్సిజన్ థెరపీ చేయించాలా?

మలక్‌పేట అమ్మాయి:
అమ్మకి 58 ఏళ్లు, పదేళ్లుగా షుగర్. బ్రష్ చేసి ఉమ్మితే సింకంతా ఎర్రగా అవుతోంది. జామకాయంటే ప్రాణం, ఇప్పుడు పలచగా తరిగిచ్చినా పక్కపళ్లతోనే నములుతోంది. కింది ముందుపళ్లు రెండు వేలితో తాకితే కదులుతున్నాయి. దగ్గర్లోని క్లినిక్‌లో క్లీనింగ్ ఊసే లేకుండా ఆక్సిజన్ ఛాంబర్‌లో 20 సిట్టింగులన్నారు. డబ్బు మొత్తం ముందే కట్టాలట. నాన్న ఎఫ్‌డీ తీసేద్దామంటున్నారు. ఎవరైనా చేయించుకున్నారా? చాలా టెన్షన్‌గా ఉంది.

పళ్ల డాక్టర్, తార్నాక:
ఇప్పుడే కట్టకండమ్మా. పంటికీ చిగురుకీ మధ్య సందు లోతైతే అడుగున గాలాడదు. గాలి గిట్టని బ్యాక్టీరియా అక్కడే చేరుతుంది. ఆక్సిజన్ వాడదామన్న ఆలోచన అందుకే పుట్టింది, అందులో తప్పు లేదు. ఛాంబర్‌లో మామూలు గాలి పీడనానికి రెట్టింపో, ఇంకాస్త ఎక్కువో పెట్టి, గంటా గంటన్నర స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్పిస్తారు. కానీ పంటి వేరుకి రాయిలా పట్టిన గార ఆక్సిజన్‌కి కరగదు. గీకి తియ్యాల్సిందే. ముందు డీప్ క్లీనింగ్, ఆక్సిజన్ ఎప్పుడైనా దానికి తోడే.

ఇంకోటి, షుగర్ మందులు వాడేవాళ్లకి ఛాంబర్‌లో షుగర్ పడిపోవచ్చు. చెవులు కూడా పట్టేస్తాయి. ఇవి చెప్పారా? ఒక్కో పంటి చుట్టూ ఆరుచోట్ల సందు లోతు కొలవాలి, 3 మి.మీ. దాకా మామూలే. ఆ కొలతల కాగితం అడగండి.

ఉప్పల్ రిటైర్డ్ మాస్టారు:
తల్లీ, నాకూ ఇదే బాధ. అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ డెంటల్ హాస్పిటల్లో చేయించుకున్నాను. మత్తిచ్చి ఒకసారి కుడివైపు, ఇంకోసారి ఎడమవైపు గీకారు. నొప్పి లేదు గానీ గరగరమనే చప్పుడు తలలోకి వినిపిస్తుంది. మూడోవారానికి రక్తం ఆగింది. వాపు దిగాక పళ్లు పొడుగ్గా కనిపిస్తాయి, చన్నీళ్లు జివ్వుమంటాయి. అమ్మకి ఆ మాట ముందే చెప్పు, కంగారుపడుతుంది. పొద్దున్నే వెళ్లండి, ఓపీలో జనం ఎక్కువ.

మలక్‌పేట అమ్మాయి:
డాక్టర్ గారూ, ఫోన్ చేసి అడిగాను. కొలతలు తియ్యలేదట, షుగర్ ఎంతుందో కూడా అడగలేదని అమ్మ ఇప్పుడు చెప్తోంది. నాన్నని బ్యాంకుకి వెళ్లకుండా ఆపాను.

పళ్ల డాక్టర్, తార్నాక:
మంచిపని చేశారు. మూడు నెలల సగటు షుగర్ చెప్పే టెస్ట్ (HbA1c) చేయించి ఆ రిపోర్టు తీసుకెళ్లండి. షుగర్ అదుపులో లేకపోతే చిగురు మానదు, చిగురు వాపుంటే షుగరూ ఓ పట్టాన దిగదు. ఆ కదిలే పళ్లని వేలితో మాటిమాటికీ కదపొద్దని చెప్పండి.

మలక్‌పేట అమ్మాయి:
ఇందాక కూడా కదుపుతూనే ఉంది సర్, చెప్పాను. మాస్టారూ, సోమవారం పొద్దున్నే అఫ్జల్‌గంజ్ వెళ్తున్నాం.