12లో 3 అంటే మూడు వచ్చేశాయా, మూడోది వస్తోందా?

మల్కాజిగిరి అబ్బాయి:
అమ్మ కోసం హరికథల ఆడియోలు దింపుకునే చిన్న ఆండ్రాయిడ్ యాప్ రాశాను. ఒక్కో కథ పన్నెండు భాగాలు. మొన్న సికింద్రాబాద్ స్టేషన్లో వరంగల్ బండి ఎక్కేముందు అమ్మ ఫోన్లో "3/12" అని చూసి, మూడు వచ్చేశాయి, దారికి చాల్లే అని నెట్ కట్టేసింది. భువనగిరి దాటాక మూడోది నొక్కితే మోగలేదు. నా కోడ్‌లో ఆ 3కి 'మూడోది దిగుతోంది' అని అర్థం. అమ్మ చదివిన తీరే సరైందని నా నమ్మకం. తెలుగులో పెడితే మరీ ఘోరం, "3 యొక్క 12" అని వస్తోంది. మీరైతే ఏం రాస్తారు?

ఉప్పల్ అక్క:
తమ్ముడూ, ముందు ఆ "యొక్క" తీసెయ్. మనకు మొత్తం ముందొస్తుంది, "12లో 3". స్ట్రింగులో, అంటే తెరపై కనిపించే ఆ వాక్యంలో, అంకెలొచ్చే రెండు చోట్లకీ 1, 2 అని వరస నంబర్లివ్వు, అప్పుడు తెలుగులో వాటిని అటూ ఇటూ మార్చుకోవచ్చు. అవి లేకనే మాలాంటి అనువాదకులు "యొక్క"తో సరిపెడతారు. ఎన్ని దిద్దానో నాకే తెలుసు.

ఇక క్రియ. "1 వచ్చింది", "2 వచ్చాయి". ఏ భాషలో అంకెను బట్టి మాట ఎలా మారాలో రాసిపెట్టిన యూనికోడ్ సీఎల్‌డీఆర్‌లో తెలుగుకి ఈ రెండు రూపాలే. సున్నా రెండోదాంట్లో పడి "0 వచ్చాయి" అంటుంది. దానికి విడిగా "ఇంకా ఏదీ రాలేదు" అని రాసుకో.

నెట్‌వర్క్ పనివాడు:
శాతం కూడా చూసుకోండి. సర్వర్ ఫైలు సైజు ముందే చెప్పకపోతే శాతం కట్టలేం. ఎన్ని ఎంబీలు దిగాయో చూపించండి, అంతే. వేగం మాత్రం ఎంబీపీఎస్‌లో, అంటే సెకనుకు మెగాబిట్లలో, వద్దు. 8 బిట్లు ఒక బైటు కాబట్టి 100 ఎంబీపీఎస్ లైన్లో సెకనుకు దిగేది మహా అయితే 12.5 మెగాబైట్లు. ఆ తేడా తెలియక మా నాన్నగారు కేబుల్ అబ్బాయితో గొడవపడ్డారు, పాపం అతని తప్పేం లేదు.

మల్కాజిగిరి అబ్బాయి:
అక్కా, మార్చేశాను: "12లో 2 వచ్చాయి. 3వ భాగం వస్తోంది." చదివి వినిపిస్తే అమ్మ, "లెక్క నాకెందుకురా, ఏవి వినొచ్చో చెప్పు" అంది. అందుకే ఇప్పుడు ప్రతి భాగం పేరు పక్కనా "వినొచ్చు" అని పెడుతున్నాను. 100 శాతం దిగగానే కాదు, ఫైలు చెక్‌సమ్ (చెడకుండా దిగిందో లేదో చెప్పే లెక్క) సరిపోయాకే ఆ మాట కనిపిస్తుంది.