పాత ఇంటి చిమ్నీ చుట్టూ సీసం రేకే వేయించాలా, టేపుతో సరిపెట్టుకోవచ్చా?

లెస్టర్ కాపురం
అందరికీ నమస్కారం. ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో 1900 ప్రాంతంలో కట్టిన టెర్రస్ ఇల్లు (వరసలో గోడకు గోడ ఆనుకుని ఉండే ఇల్లు) కొనుక్కుని మూడేళ్లయింది. స్లేట్ పలకల కప్పు, ఇటుకల చిమ్నీ. పై గదిలో చిమ్నీ గోడ మీద, సీలింగుకు జానెడు కింద, గోధుమరంగు మచ్చ పడింది. రెండుసార్లు రంగు వేయించాం, రెండుసార్లూ మళ్లీ పైకి తేలింది. మా అత్తగారు ఇండియా నుంచి వచ్చి ఆ గదిలోనే ఉంటున్నారు. పొద్దున్నే తలుపు తీస్తే తడిసిన గోనెసంచి వాసన.

ఇద్దరిని పిలిచి చూపించాం. ఒకాయన నిచ్చెన వేసి చూసి, చిమ్నీ మొదలు చుట్టూ సిమెంటు పూసి పైన ఫ్లాషింగ్ టేప్ అంటిస్తాను, 350 పౌండ్లు అన్నాడు. ఇంకొకాయన స్కాఫోల్డింగ్ (పరంజా) కట్టి, చుట్టూ పాత రేకంతా పీకి కొత్త సీసం రేకు వెయ్యాలి, 1,900 పౌండ్లు అన్నాడు. కప్పు వెళ్లి గోడకు తగిలే చోట నీళ్లు దిగకుండా వేసే రేకునే ఫ్లాషింగ్ అంటారని ఇప్పుడే తెలిసింది. ఒకే పనికి ఇంత తేడా ఏమిటండీ? మావారికీ నాకూ దీని మీద రోజూ వాదనే.

మాంచెస్టర్ మిత్రుడు
350దే చేయించండి. నాకు రెండు అద్దె ఇళ్లున్నాయి. ఒకదానికి ఆరేళ్ల కింద టేప్ వేయించాను, ఇప్పటిదాకా చుక్క కారలేదు. సీసమే కావాలని ఎక్కడా లేదు. అల్యూమినియం జాలీ మీద రబ్బరు లాంటి పూత ఉన్న రేకులు దొరుకుతున్నాయి. తేలిక, దొంగలు ఎత్తుకుపోరు. ‘పాత ఇల్లు, పాత పద్ధతి’ అని చెప్పి మన దగ్గర నాలుగింతలు గుంజడం ఇక్కడ మామూలే.

పాతకప్పు
అమ్మా, నేను పదకొండేళ్లుగా ఇక్కడ పాత ఇళ్ల కప్పులే చేస్తున్నాను. ఊరు తణుకు. సీసం పని కెంట్‌లోని లెడ్ షీట్ ట్రైనింగ్ అకాడమీలో నేర్చుకున్నాను. మిత్రుడు గారి మాట కొట్టిపారెయ్యను, కానీ మీ ఇంటికి ఆ మాట సరిపోదు.

మంచి స్లేట్ పలక వందేళ్లు సునాయాసంగా నిలుస్తుంది. కారేది పలక కాదు, అతుకు. కప్పు కింద ఉన్నది చెక్క. ఎండకీ చలికీ గాలికీ అది కదులుతూనే ఉంటుంది. చిమ్నీ ఇటుకది, దాని దారి దానిది. ఈ రెంటి మధ్య సిమెంటు పూస్తే, గట్టిగా ఉండే ఆ సిమెంటు రెంటితోనూ కదలలేక ఒకటి రెండు చలికాలాల్లో వెంట్రుకంత పగులు ఇస్తుంది. ఆ పగుల్లోకి నీళ్లు పోయి గడ్డకట్టి దాన్ని ఇంకా విడగొడతాయి. పైన అంటించిన టేపు వల్ల పగులు బయటికి కనపడదు. నీళ్లు లోపల దిగుతూనే ఉంటాయి. పైగా లోపలికి పోయిన తడి ఆరే దారి కూడా మూసుకుపోతుంది.

సీసం పని అంటే ఒక్క రేకు చుట్టెయ్యడం కాదు. చిమ్నీ ముందు వైపు ఒక ముక్క. పక్కల, ప్రతి వరస పలక కింద ఒక్కో చిన్న రేకు పెట్టి గోడ మీదికి మడుస్తాం. దాని మీద మెట్లు మెట్లుగా కోసిన రేకు వస్తుంది. ఒక్కో మెట్టు ఒక్కో ఇటుక వరసలోని సందులోకి 25 మి.మీ. లోతుకు దూరాలి. ఆ సందులో సీసం ముక్కలే మేకుల్లా బిగించి, పైన సీలెంట్ పెడతాం. చిమ్నీ వెనక ఉన్నది అన్నిటికంటే కష్టమైన చోటు. కప్పు పై భాగం నుంచి జారే నీళ్లన్నీ చిమ్నీ వీపుకు కొట్టుకుని పక్కలకు తిరగాలి. అక్కడ రేకుతోనే చిన్న కాలువ చెయ్యాలి. ఆకులు, పాచి చేరేదీ అక్కడే. నిచ్చెన మీంచి చూసినాయనకు ఆ వెనక భాగం కనపడి ఉండదు.

ఆ కాలువ మూలలు రెండూ చూస్తే పనివాడెవరో తెలిసిపోతుంది. తెలియనివాడు కోసి, మడిచి, సందులో సిలికాన్ నింపుతాడు. తెలిసినవాడు కొయ్యడు. చెక్క సుత్తితో పక్కల నుంచి మెల్లగా తడుతూ లోహాన్ని మూల వైపు నడిపిస్తాడు. తొందరపడి ఒకేచోట కొడితే అక్కడ పలచబడి రెండు మూడేళ్లకు చిట్లుతుంది. ఎక్కడ మందంగా ఉందో, ఎక్కడ సాగుతోందో అరచేతికి తెలియాలి. నాకు మొదటి మూల సరిగ్గా రావడానికి ఎన్ని ముక్కలు పాడయ్యాయో లెక్కలేదు. మా గురువుగారు ఒక్కోదాన్నీ వెలుతురుకు పట్టుకుని చూపించేవారు.

మాంచెస్టర్ మిత్రుడు
పని గొప్పదే, కాదనను. కానీ సీసం వేసిన ఇళ్లూ కారుతున్నాయి కదా? మా వీధిలో ఒకాయన రెండు వేలు పోసి సీసం వేయించాడు, మూడేళ్లకే చీలింది. దానికేమంటారు?

పాతకప్పు
మంచి ప్రశ్న. అసలు విషయం అక్కడే ఉంది. సీసం ఎండకు బాగా సాగే లోహం. మీటరు పొడవుకు ఒక్కో డిగ్రీకి దాదాపు 0.03 మి.మీ. చలికాలపు రాత్రికీ, ఎండాకాలం మధ్యాహ్నం కాలిన రేకుకీ 70 డిగ్రీల తేడా అనుకోండి. 3 మీటర్ల ముక్క 6 మి.మీ. దాకా సాగి ముడుచుకుంటుంది. రెండు చివర్లా మేకులు కొట్టి కదలనివ్వకపోతే అది ఉబ్బి, నలిగి, చివరికి చీలుతుంది. అందుకే గోడ పక్క ఫ్లాషింగ్‌లో ఒక్కో ముక్క 1.5 మీటర్లు దాటకూడదని నియమం. ముక్కకీ ముక్కకీ 100 మి.మీ. ఒకదానిమీదొకటి వచ్చేలా వెయ్యాలి. మీ వీధి పెద్దమనిషికి మూడు మీటర్ల ముక్క ఒక్కటే పరిచి ఉంటారని నా అనుమానం. అతుకులు తక్కువైతే పని త్వరగా అయిపోతుంది మరి.

మందం కూడా చూడాలి. ఇక్కడ సీసం రేకుకు కోడ్ నంబర్లుంటాయి. కోడ్ 4 అంటే చదరపు అడుగుకు నాలుగు పౌండ్ల బరువు, 1.8 మి.మీ. మందం, చుట్ట మీద నీలం గుర్తు. కోడ్ 3కి ఆకుపచ్చ, 5కి ఎరుపు. పలకల కింద పెట్టే చిన్న రేకులకు 3 చాలు. పైకి కనపడే ఫ్లాషింగ్‌కు 4, వెనక కాలువకు నేనైతే 5 వాడతాను. అంతా 3తో లాగించేసి 4 అని బిల్లు వేసేవాళ్లూ ఉన్నారు. చుట్ట మీద రంగు అడిగి చూడండి, ఇబ్బంది పడకండి.

సీసం దానంతటది ఇంటిని కాపాడదు. చేతకానివాడి చేతిలో పడితే టేపు కంటే ఖరీదైన టేపు, అంతే.

నర్సు బర్మింగ్‌హామ్
నేను పిల్లల వార్డులో పని చేస్తాను. సీసం విషం. చిన్నపిల్లల మెదడు మీద దాని ప్రభావం గురించి చదివాక ఇంటి మీద కొత్తగా సీసం వేయించమని ఎవరికీ చెప్పలేను. 2019 ఏప్రిల్‌లో పారిస్‌లో నోత్ర్‌దామ్ పెద్ద చర్చి కాలినప్పుడు కప్పు మీది 400 టన్నులకు పైగా సీసం మంటల్లో పడింది. చుట్టుపక్కల బళ్లు మూసి శుభ్రం చేయాల్సి వచ్చింది. పోయినదాన్ని మళ్లీ తెచ్చి పెట్టుకోవడం ఎందుకు?

పాతకప్పు
సిస్టర్ గారూ, మీరు చెప్పింది నేను రోజూ ఒంటి మీద మోసే విషయం. మాకు చేతులు కడగకుండా టీ తాగే వీల్లేదు. పని బట్టలు ఇంట్లో పిల్లల బట్టలతో ఉతకం. పాత సీసాన్ని పొడిగా గీకితే లేచే దుమ్మే అసలు ప్రమాదం. సీసం ఉన్న ఇంటికప్పు మీంచి కారే వాన నీళ్లు పట్టి తాగకూడదు, కూరగాయల మడికీ పొయ్యొద్దంటాను. కానీ చిమ్నీ దగ్గర, పిల్లల చేతికి అందని ఎత్తులో, తుప్పు పట్టకుండా తన మీద తానే పొర కట్టుకుని కూర్చున్న రేకు సంగతి వేరు. నోత్ర్‌దామ్ కప్పు మీద కూడా చాలా అభ్యంతరాలు వచ్చాయి. చివరికి సీసంతోనే వేసి 2024 డిసెంబరులో తెరిచారు. అది సరైన నిర్ణయమేనా అంటే అక్కడ ఇంకా వాదిస్తున్నారు. మీ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను.

మిత్రుడు గారన్న దొంగతనం సంగతీ నిజమే. ఇక్కడ ఊరి చర్చిల కప్పులు ఎన్ని దోచారో. మళ్లీ మళ్లీ పోయే చోట సీసం బదులు పూత పూసిన స్టెయిన్‌లెస్ స్టీలు వేసుకోవడానికి పాత కట్టడాల బాగోగులు చూసే హిస్టారిక్ ఇంగ్లండ్ వాళ్లు కూడా ఒప్పుకుంటున్నారు. చర్చి కప్పు మీద అది సబబే. చిమ్నీ మూలలో సుత్తికి లొంగి, ఇటుకా పలకా ఎలా ఉంటే అలా ఒదిగిపోయేది సీసంలా ఇంకోటి నాకు కనపడలేదు. బాత్ ఊళ్లో రోమన్ల కాలపు పెద్ద కొలను అడుగున సీసం పలకలు ఈనాటికీ ఉన్నాయి. వెళ్లినప్పుడు చూడండి.

సివిల్ ఇంజనీర్, రెడింగ్
అందరూ ఫ్లాషింగే అని తేల్చేశారు. ముందు రోగమేమిటో చూడాలి కదా? పాత చిమ్నీల్లో దశాబ్దాల బొగ్గు మసి తాలూకు లవణాలు ఇటుకలోకి ఇంకి ఉంటాయి. అవి గాల్లో తేమ పీల్చి మచ్చ వేస్తాయి, బయట చుక్క వాన లేకపోయినా సరే. చిమ్నీ పైన మూత వేసి లోపల గాలి ఆడకుండా చేసినా అంతే. అమ్మా, మచ్చ అంచు చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి తేదీ వెయ్యండి. గాలివాన పడ్డాక మచ్చ గీత దాటితే నీళ్లు దిగుతున్నట్టు. వానతో సంబంధం లేకుండా గాల్లో తేమ ఎక్కువున్న రోజుల్లో ముదురుతుంటే, 1,900 పెట్టినా మచ్చ పోదు.

పాతకప్పు
ఇది నేను ముందే చెప్పాల్సింది. ఇంజనీరు గారికి థాంక్స్.

కోనసీమ
మా తాతగారిది మండువా లోగిలి. నాలుగు వైపుల కప్పూ లోపలికి వాలి నడి వాకిట్లోకి నీళ్లు దింపేది. రెండు వాలులు కలిసే ఆ మూలల్లో రేకు వేసేవారు. తొలకరికి ముందు పెంకులు సర్దించేటప్పుడు తాతగారు కుర్చీ వేసుకుని ఆ మూలల కిందే కూర్చునేవారు. మిగతా కప్పు పిల్లలకు వదిలేసేవారు. మూలకు మాత్రం ఒకే ఒక్క మేస్త్రి, ఆయన రాకపోతే పని ఆపేసేవారు. ఇక్కడ ఇన్నేళ్లున్నా ఈ చర్చ చదివాకే ఆయన ఎందుకలా కూర్చునేవారో అర్థమైంది.

లెస్టర్ కాపురం
అందరికీ చాలా థాంక్స్ అండీ. పెన్సిల్ గీత గీశాను. పది రోజులు పొడిగా ఉంది, మచ్చ కదల్లేదు. పోయిన గురువారం రాత్రి నైరుతి గాలితో వాన కొట్టింది. శుక్రవారం సాయంత్రానికి గీత దాటి రెండంగుళాలు కిందికి వచ్చింది.

రెండో ఆయన్ని మళ్లీ పిలిచి మీరు చెప్పినవన్నీ అడిగాను. ఏ కోడ్, ముక్క ఎంత పొడవు, వెనక కాలువ మూలలు ఎవరు చేస్తారు అని. ఆయన మొహం వెలిగిపోయింది. అవన్నీ నేనే చేస్తాను, మీరు స్కాఫోల్డింగ్ ఎక్కి చూసుకోండి అన్నాడు. ఎక్కాను. చిమ్నీ వెనక పాత రేకు మీద ఎవరో తారు పూసి, దాని మీద టేపు, దాని మీద సిమెంటు. టేపు లేపితే కింద చెక్క చేత్తో నలిపితే పొడి అయింది. చెక్క మార్చడానికి ఇంకో 240 అయింది.

మాంచెస్టర్ మిత్రుడు
చెక్క అలా అయిందా! నా అద్దె ఇంటి కప్పు లోపలికి ఒకసారి టార్చి వేసి చూడాలి. టేపు వేశాక ఆరేళ్లలో అటకెక్కి చూసింది లేదు. అయినా డబ్బు లేనివాడు ఏం చెయ్యాలన్న నా ప్రశ్న అలాగే ఉంది.

పాతకప్పు
డబ్బు లేకపోతే టేపు వెయ్యండి, తప్పు లేదు. చలికాలం గడవడానికి వేసినదని గుర్తుంచుకుని ప్రతి ఏడూ అటక ఎక్కి చూడండి. అమ్మా, రేకు మీద పాటినేషన్ ఆయిల్ రాశారా? రాయకపోతే మొదటి వానలకే తెల్లటి చారలు పలకల మీదికి కారతాయి.

లెస్టర్ కాపురం
రాశారండి, దగ్గరుండి చూశాను. గోడ ఆరేదాకా రంగు వెయ్యొద్దన్నారు. పెన్సిల్ గీత అలాగే ఉంచాం. మా అత్తగారు రోజూ పొద్దున్నే దాని మీద అరచెయ్యి ఆనించి చూస్తున్నారు.