ఘాట్‌కి కాంపాక్ట్ క్రాంకా, ఓవల్ రింగా?

కరకట్ట_రైడర్:
సైకిలుకి 53/39 క్రాంకు (పెడళ్ల దగ్గర 53, 39 పళ్ల రెండు రింగులు), అయిదు బోల్టులది. వెనక క్యాసెట్టు 11-25, పది స్పీడు (11 నుంచి 25 పళ్ల దాకా పది పళ్లచక్రాలు). మామూలు రోజుల్లో కరకట్ట, బందరు రోడ్డు. ఆదివారాలు కోటప్పకొండ, కొండవీడు ఘాట్లు. ఘాట్‌లో 39/25 (ముందు 39, వెనక 25 పళ్లు) తొక్కడం కష్టంగా ఉంది, మోకాళ్ల మీద భారం పడుతోంది. క్రాంకే మార్చి కాంపాక్ట్, అంటే 50/34 వేయమని కొందరు, ఉన్నదానికే ఓవల్ (కోడిగుడ్డు ఆకారపు) రింగులు తొడిగితే చాలని కొందరు. ఏది చెయ్యాలి?

గుంటూరు_ఘాట్:
అన్నా, ముందు స్కేలు తీసుకుని పక్కపక్క బోల్టుల మధ్య దూరం కొలవండి, కేంద్రం నుంచి కేంద్రానికి. 76.4 మి.మీ. వస్తే అది 130 బీసీడీ (బోల్టులన్నీ ఉండే వలయం వ్యాసం, మి.మీ.లో). దానికి 38 పళ్ల కన్నా చిన్న రింగు ఎక్కదు, గుండ్రందైనా ఓవలైనా. 64.7 వస్తే 110, దానికి 34 పడుతుంది. 53/39 అంటున్నారు కాబట్టి చాలావరకు 130 అయ్యుంటుంది. అంటే 34 కావాలంటే క్రాంకు మార్చక తప్పదు.

ఇక మోకాళ్ల సంగతి. మనిషీ బండీ కలిపి 80 కిలోలు, తొమ్మిది శాతం వాలు, పెడల్ నిమిషానికి 60 తిప్పులు అనుకుందాం. 39/25లో గంటకు 11.8 కి.మీ. పోవాలి, దానికి దాదాపు 245 వాట్లు. 34/28లో 9.2 కి.మీ., 190 వాట్లు. 34/32లో 8 కి.మీ., 165 వాట్లు. అన్ని వాట్లు లేనప్పుడు తిప్పులు 40కి పడిపోతాయి, ప్రతి తొక్కుడుకీ బలం పెరుగుతుంది, ఆ బలమంతా మోకాలి చిప్ప మీదకే. ఓవల్ ఈ లెక్కని మార్చదు. 39 పళ్ల ఓవల్ సగటున 39 పళ్లే.

బెజవాడ_ఫ్లాట్:
ఘాట్ లెక్క ఒప్పుకుంటా. కానీ వారంలో ఆరు రోజులు తొక్కేది డెల్టా నేల మీద. 39 రింగుతో 90 తిప్పుల దగ్గర గంటకు 23 నుంచి 34 కి.మీ. దాకా వెనక 19, 17, 15, 14, 13 పళ్ల మీదే గడిచిపోతుంది, ముందు రింగు ముట్టుకోనక్కర్లేదు. 50/34కి మారి పది స్పీడు 11-32 వేస్తే కొన్ని రకాల్లో 13, 15, 17 ఉండవు: 12 తర్వాత 14, 16, 18. ఎదురుగాలిలో ఒక గేరు బరువు, పక్కది తేలిక, సరైనది దొరకదు. పైగా 50 నుంచి 34కి దిగితే తిప్పులు ఒక్కసారిగా సగం పెరిగిపోతాయి, వెనక రెండు మూడు గేర్లు సర్దుకోవాలి.

నా మాట: క్రాంకు ఉంచండి, క్యాసెట్టు 11-28 వేయండి. 39/28లో ఆ 245 వాట్లు 218కి దిగుతాయి. షార్ట్ కేజ్ (పొట్టి చేయి) వెనక డిరైలర్, అంటే చైనుని గేరు మార్చే భాగం, చాలా మోడళ్లలో 28 దాకా పడుతుంది. ఖర్చు క్యాసెట్టు, చైను అంతే.

ఓవల్_వైపు:
ఓవల్‌ని గేరు తగ్గించే వస్తువుగా చూస్తే నిరాశే, అది నిజం. దాని పని వేరు. పది శాతం ఓవల్ 34 రింగు డెడ్ స్పాట్ (పెడళ్లు నిలువుగా పైనా కిందా ఉండి బలం అందని చోటు) దగ్గర 32 లాగా, కాలు బలంగా దిగే చోట 36 లాగా నడుస్తుంది. తక్కువ తిప్పుల్లో పెడల్ పైన ఆగిపోయినట్టు అనిపించే చోటు త్వరగా దాటిపోతుంది. 2012 టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసుని విగిన్స్, 2013ది ఫ్రూమ్ ఓవల్ తరహా ఓసిమెట్రిక్ రింగులతోనే గెలిచారు. వాటి వంపు ఇంకా ఎక్కువ.

గుంటూరు_ఘాట్:
వాళ్లు గెలిచింది రింగు వల్లేనని ఎలా చెబుతాం అన్నా? ప్రయోగాల ఫలితాలు ఒక్కలా లేవు. తొక్కేవాళ్లకి హాయిగా ఉందంటే నేను కాదనను, కానీ ఇక్కడ అడిగింది 245 వాట్ల గురించి. ఇంకొకటి: క్రాంకులో పవర్ మీటరు (వాట్లు కొలిచేది) ఉంటే చాలా రకాలు ఓవల్‌తో వాట్లు ఎక్కువ చూపిస్తాయి, తిప్పు మొత్తం ఒకే వేగమని లెక్కేస్తాయి కాబట్టి.

బెజవాడ_ఫ్లాట్ చెప్పిన 11-28 మొదటి మెట్టుగా బాగుంది. దానితోనూ ఘాట్‌లో 50 తిప్పులు దాటకపోతేనే 50/34. అప్పుడు కూడా 11-32 వద్దు, 11-28తోనే మొదలుపెట్టండి. 13, 15, 17 పోవు, 34/28 దొరుకుతుంది.

కరకట్ట_రైడర్:
సరే, ముందు క్యాసెట్టు. తర్వాత 50/34 వేయాల్సొస్తే ఏం సర్దాలి? ఎప్పుడైనా ఓవల్ వేస్తే?

గుంటూరు_ఘాట్:
53 నుంచి 50కి వస్తే రింగు అంచు 6 మి.మీ. దిగుతుంది. ఫ్రంట్ డిరైలర్‌ని కూడా అంతే దించండి, బయటి పలకకీ పళ్లకీ మధ్య 1 నుంచి 3 మి.మీ. ఉండాలి. దించకపోతే ఎక్కేటప్పుడు తడబడుతుంది, దిగేటప్పుడు చైను లోపలికి పడి ఫ్రేము గీస్తుంది. చైను పొడవు ముందు పెద్ద రింగు, వెనక పెద్ద పళ్లచక్రం మీద చుట్టి, డిరైలర్‌లోంచి పోనివ్వకుండా చూసి, రెండు లింకులు కలపండి.

ఓవల్_వైపు:
ఓవల్‌కి ఆ ఖాళీ రింగు ఎత్తైన చోట కొలవాలి. 50 పళ్లదైతే లోతైన చోట ఇంకో 10 మి.మీ. పెరుగుతుంది, అందుకే షిఫ్టు నెమ్మదిస్తుంది, చైన్ క్యాచరు (చైను లోపలికి పడకుండా ఆపేది) తప్పనిసరి. చిన్న రింగులో ఉన్నప్పుడు చైను డిరైలర్ కింది అడ్డుపట్టీకి తగులుతుందేమో స్టాండు మీద తిప్పి చూడండి. కుడి క్రాంకు ముందుకు అడ్డంగా వచ్చి కాస్త దిగినప్పుడు రింగు పొడుగు వైపు నిలువుగా ఉండాలి. తప్పు కోణంలో బిగిస్తే బరువు డెడ్ స్పాట్‌లోకి వస్తుంది. రోటర్ కంపెనీ ఓవల్ రింగుల మీద ఈ కోణానికి అంకెలుంటాయి, 3తో మొదలుపెట్టండి.