2023 రేంజర్స్ టైటిల్: 162 ఆటల సీజన్‌కు న్యాయం జరిగిందా, లేదా?

తొమ్మిదో ఇన్నింగ్స్

ఎప్పుడూ సగంలో ఆగిపోయే చర్చ ఇది, ఈసారి లెక్కలు ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం. 2023 అమెరికన్ బేస్‌బాల్ (MLB) సీజన్‌లో అట్లాంటా బ్రేవ్స్ 104 ఆటలు గెలిచింది, బాల్టిమోర్ ఓరియోల్స్ 101, లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ 100, టాంపా బే రేస్ 99. వీటిలో ఒక్కటీ ఫైనలైన వరల్డ్ సిరీస్ దాకా రాలేదు. వచ్చినవి 90-72 (90 గెలిచి 72 ఓడిన) టెక్సాస్ రేంజర్స్, 84-78 అరిజోనా డైమండ్‌బ్యాక్స్. అరిజోనా అయితే సీజన్ మొత్తం మీద చేసిన రన్స్ కంటే ఇచ్చినవే 15 ఎక్కువ.

రేంజర్స్ సొంత డివిజన్ (లీగ్‌లోని ఉపవిభాగం) కూడా గెలవలేదు. ఆఖరి రోజు, అక్టోబర్ 1న, సియాటిల్‌లో 1-0తో ఓడింది. అదే రోజు హ్యూస్టన్ ఆస్ట్రోస్ గెలిచి 90-72 దగ్గర సమానమైంది. ముఖాముఖి ఆటల్లో ఆస్ట్రోస్‌ది 9-4 పైచేయి కాబట్టి డివిజన్ వాళ్లకు పోయింది, మొదటి రౌండ్ ఆడక్కర్లేని బై కూడా వాళ్లకే. నెల తిరిగేసరికి ఛాంపియన్ మాత్రం రేంజర్స్. చెడ్డ జట్టని నేననను. ఆరు నెలలు, 162 ఆటలు తేల్చినదాన్ని 17 ఆటలు కొట్టిపారేయడమే నాకు మింగుడుపడదు. ఇది సీజన్‌కు అన్యాయం. కాదనేవాళ్లు ఎందుకో చెప్పండి.

స్కోరుబుక్కు

కాదనే అంటాను. గెలుపోటములు పక్కనపెట్టి రన్స్ చూడండి. రేంజర్స్ చేసినవి 881, అమెరికన్ లీగ్‌లో అందరికంటే ఎక్కువ. ఇచ్చినవి 716. తేడా +165. ఆ లీగ్‌లో ఇంతకంటే మంచి తేడా ఒక్క రేస్‌కే ఉంది, +195. 101 గెలిచిన ఓరియోల్స్‌ది +129, ఆస్ట్రోస్‌దీ +129.

దీన్ని విజయాల్లోకి మార్చే లెక్క ఇదీ: చేసిన రన్స్‌కు 1.83 ఘాతం కట్టండి, ఇచ్చినవాటికీ అంతే కట్టండి, మొదటిదాన్ని రెండింటి మొత్తంతో భాగించండి. 0.594 వస్తుంది. 162తో గుణిస్తే 96 విజయాలు. ఘాతాల గొడవ వద్దనుకుంటే ప్రతి 10 రన్స్ తేడాకు 81 మీద ఒక విజయం కలుపుకోండి, 97 వస్తుంది. ఎలా చూసినా ఇది 90 విజయాల స్థాయి జట్టు కాదు.

మరి ఆ ఆరేడు ఆటలు ఎక్కడ పోయాయి? ఒకే ఒక్క రన్ తేడాతో తేలిన ఆటల్లో రేంజర్స్ 14-22. ఓరియోల్స్ అవే ఆటల్లో 30-16. 101కీ 90కీ మధ్య ఎడం ఇక్కడే పుట్టింది. కాబట్టి డివిజన్ సిరీస్‌లో (ప్లేఆఫ్స్ రెండో రౌండ్, ఐదు ఆటలది) రేంజర్స్ ఆ ఓరియోల్స్‌నే 3-0తో క్లీన్‌స్వీప్ చేస్తే నాకు ఆశ్చర్యం కలగలేదు.

కర్వ్‌బాల్ కర్నూలు

స్కోరుబుక్కు గారూ, 14-22ని దురదృష్టం ఖాతాలో రాసేస్తే మాత్రం ఒప్పుకోను. ఆ సీజన్‌లో రేంజర్స్ సేవ్‌లు (ఆఖర్లో దిగిన పిచర్ స్వల్ప ఆధిక్యాన్ని కాపాడి ముగించినవి) 30, బ్లోన్ సేవ్‌లు 33. కాపాడినవాటి కంటే చేజార్చుకున్నవి ఎక్కువ! అది అదృష్టమా, బుల్‌పెన్ (రిలీవర్లు, అంటే ఆట మధ్యలో దిగే పిచర్ల బృందం) లోపమా? జూన్ 30న కాన్సాస్ సిటీకి కోల్ రేగన్స్‌ను ఇచ్చి మరీ రిలీవర్ అరోల్డిస్ చాప్‌మన్‌ను తెచ్చుకున్నారంటేనే లోపం ఎక్కడుందో యాజమాన్యానికి బాగా తెలుసు. అయినా ఆగస్టులో వరుసగా 8 ఓడిపోయారు.

ఇంకోటి, ఏకపక్షంగా గెలిచిన ఆటలు రన్స్ తేడాను ఉబ్బిస్తాయి. ఏప్రిల్ 1న ఫిలడెల్ఫియా మీద 16-3. ఆ 13 రన్స్‌కు పట్టికలో వచ్చింది ఒక్క విజయమే.

స్కోరుబుక్కు

ఉబ్బించేవి ఉన్నట్టే దించేవీ ఉన్నాయి కదండీ. సెప్టెంబర్ 4 నుంచి 6 వరకు ఆస్ట్రోస్ ఆర్లింగ్టన్ వచ్చి 13-6, 14-1, 12-3తో కొట్టిపోయారు. మూడు రోజుల్లో 29 రన్స్ నష్టం. అది మింగాక మిగిలినదే +165.

33 అంకె విషయంలోనూ ఒక జాగ్రత్త. మూడు లేదా అంతకు తక్కువ రన్స్ ఆధిక్యంలో ఏడో ఇన్నింగ్స్‌కు వచ్చిన రిలీవర్ స్కోరు సమం చేయనిచ్చినా అతని పేరిట బ్లోన్ సేవ్ పడుతుంది. తర్వాత జట్టు గెలిచినా పడుతుంది, ఒకే ఆటలో ఇద్దరికీ పడొచ్చు. 33 బ్లోన్ సేవ్‌లంటే 33 ఓటములు కావు. బుల్‌పెన్ బలహీనమన్న మాటకు మాత్రం ఎదురు చెప్పను.

బుల్‌పెన్ కబుర్లు

అసలు విషయం మీ ఇద్దరి మధ్యే ఉంది. బుల్‌పెన్ లోపం నిజం. ఆ లోపాన్ని దాచే వెసులుబాటు అక్టోబర్ క్యాలెండర్ ఇచ్చిందన్నదీ నిజం.

సీజన్‌లో దాదాపు రోజూ ఆటే, 30 రోజులకు 26, 27 వస్తాయి. 26 మంది జట్టులో పిచర్లు (బంతి వేసేవాళ్లు) గరిష్ఠంగా 13. ఐదుగురు స్టార్టర్లు (ఆట మొదలుపెట్టే పిచర్లు) వంతులవారీగా వేస్తారు, మిగతా ఎనిమిది మంది బుల్‌పెన్. స్టార్టర్ ఐదు ఇన్నింగ్స్‌తో సరిపెడితే మిగతా నాలుగు ఇన్నింగ్స్ ఎవరో ఒకరు వేయాలి. మంచి రిలీవర్‌ను వరుసగా మూడో రోజు దింపితే బంతి వేగం తగ్గుతుంది, గురి తప్పుతుంది, అందుకని ఆరో, ఏడో నంబర్ రిలీవర్ చేతికి ఒక్క రన్ ఆధిక్యం అప్పగించక తప్పదు. రేంజర్స్ ఓడింది అక్కడే.

ఇప్పుడు ప్లేఆఫ్స్ తేదీలు: అక్టోబర్ 3, 4, 7, 8, 10, 15, 16, 18, 19, 20, 22, 23, 27, 28, 30, 31, నవంబర్ 1. ముప్ఫై రోజుల్లో 17 ఆటలు. ఆ 17లో నేథన్ ఇయోవాల్డీ 6, జోర్డన్ మాంట్‌గోమరీ 5 మొదలుపెట్టారు. మిగతా ఆరూ మాక్స్ షెర్జర్, ఆండ్రూ హీనీ చెరి మూడు పంచుకున్నారు. అంటే మొదటి ఇద్దరే 65 శాతం ఆటలు మొదలుపెట్టారు. సీజన్‌లో ఐదుగురి వరుసలో ఇద్దరికి వచ్చేది 40 శాతం.

రిలీవర్లలోనూ అంతే. కోచ్ బ్రూస్ బోచీ గట్టి ఆధిక్యాలన్నీ హోసే లెక్లెర్క్, చాప్‌మన్, జోష్ స్బోర్జ్ ముగ్గురి చేతుల్లోనే పెట్టాడు. సీజన్‌లో 9 ఇన్నింగ్స్‌కు సగటున 5.50 రన్స్ ఇచ్చిన స్బోర్జ్, ప్లేఆఫ్స్‌లో 0.75 ఇచ్చాడు. సీజన్‌లో 22 సేవ్‌లు చేసిన విల్ స్మిత్‌కు ఆఖరి ఇన్నింగ్స్ కాపాడే బాధ్యత దక్కలేదు. ఆస్ట్రోస్‌తో సెమీఫైనల్ సిరీస్ ఏడో ఆటలో షెర్జర్ మూడో ఇన్నింగ్స్ పూర్తి చేయలేకపోతే, బోచీ స్టార్టర్ మాంట్‌గోమరీనే రిలీఫ్‌కు దింపి 2⅓ ఇన్నింగ్స్ వేయించాడు. జూన్‌లో ఏ కోచ్ ఆ పని చేయడు, తర్వాతి వారం మొత్తం పాడవుతుంది.

అందుకని నేను చెప్పేది: రేంజర్స్ బ్యాటింగ్, మొదటి ఇద్దరు స్టార్టర్లు నిజంగా ఛాంపియన్ స్థాయి. లోతు లేదు. సీజన్ లోతును పరీక్షిస్తుంది, అక్టోబర్ పరీక్షించదు. అక్టోబర్ పెట్టిన పరీక్షలో మొదటి మార్కు వాళ్లదే.

ఆర్లింగ్టన్ గ్యాలరీ

రేంజర్స్ బ్యాటర్ కోరీ సీగర్ పేరు ఎవరూ ఎత్తలేదేంటి? తొడ కండరం గాయంతో వసంతంలో నెలకు పైగా దూరమై 119 ఆటలే ఆడాడు, .327 సగటు, 33 హోమ్ రన్స్. అతను లేకుండా ఆడిన ఆటలూ ఆ 90-72లో కలిసే ఉన్నాయి. స్టార్టర్ జేకబ్ డిగ్రామ్ 6 ఆటలకే మోచేతి ఆపరేషన్‌కు వెళ్లాడు. ఇయోవాల్డీ జులై మధ్య నుంచి సెప్టెంబర్ తొలివారం దాకా లేడు. మాంట్‌గోమరీ ఆగస్టు ముందు జట్టులోనే లేడు, బ్యాటర్ ఇవాన్ కార్టర్ సెప్టెంబర్ 8న మైనర్ లీగ్ నుంచి వచ్చాడు. అక్టోబర్‌లో ఆడిన జట్టు వేరు, ఏప్రిల్ నుంచి 90 గెలిచిన జట్టు వేరు.

బై పోవడం కూడా మేలే చేసిందంటాను. ప్లేఆఫ్స్‌లో రేంజర్స్ పరాయి మైదానాల్లో 11-0, సొంత మైదానంలో 2-4. బై దక్కిన జట్లు ఐదు రోజులు ఖాళీగా కూర్చుని బ్యాటింగ్ లయ పోగొట్టుకున్నాయి.

స్కోరుబుక్కు

ఆ లయ సిద్ధాంతం 2023తోనే బాగుంటుంది. 2022, 2023 కలిపి బై దక్కిన 8 జట్లలో డివిజన్ సిరీస్ గెలిచినవి 3. కానీ 2024లో నాలుగింట 3 గెలిచాయి, 2025లోనూ 3. మొత్తం 16కు 9. బలమైన జట్టు కొద్దిగా ముందుండాల్సిన చోటే ఉంది.

అసలు కారణం సిరీస్ పొడవు. 100 గెలిచే జట్టు 90 గెలిచే జట్టు మీద ఒక్కో ఆటకు 55, 56 శాతం మాత్రమే. 55 అనుకుంటే మూడు ఆటల సిరీస్ గెలిచే అవకాశం 57.5 శాతం, ఐదుకు 59, ఏడుకు 61. బై ఉన్న జట్టు మూడు సిరీస్‌లూ వరుసగా గెలవాలి: 0.593 × 0.608 × 0.608, సుమారు 22 శాతం. అందరికంటే మేటి జట్టు కూడా ఐదేళ్లలో దాదాపు నాలుగుసార్లు ఇంటికే పోతుంది. 2001లో 116 గెలిచిన సియాటిల్ మెరీనర్స్ యాంకీస్ చేతిలో 4-1తో పోయింది, అప్పటికి ఈ 12 జట్ల ప్లేఆఫ్స్ పద్ధతి పుట్టనే లేదు.

తొమ్మిదో ఇన్నింగ్స్

ఈ 22 శాతమే నా ఫిర్యాదుకు సాక్ష్యం. రేంజర్స్ 96 విజయాల స్థాయి జట్టన్నది ఒప్పుకుంటున్నాను, ఆ ఒక్క జట్టు మీద నా పట్టు సడలిస్తాను. పద్ధతి మీద సడలించను, సీజన్‌కు దక్కే ప్రతిఫలం మరీ తక్కువ.

వేరేచోట్ల దారులున్నాయి. జపాన్‌లో క్లైమాక్స్ సిరీస్ (అక్కడి ప్లేఆఫ్స్) ఆఖరి దశలో లీగ్ విజేతకు ఒక విజయం ముందే రాసిపెడతారు, ఆటలన్నీ వాళ్ల మైదానంలోనే. కొరియాలో సీజన్ విజేత నేరుగా ఫైనల్‌కు వెళ్తుంది. మన ఐపీఎల్‌లోనూ మొదటి రెండు స్థానాల వాళ్లు క్వాలిఫయర్‌లో ఓడినా ఇంకో అవకాశం ఉంటుంది. అయినా 2016లో మూడో స్థానంలో ఉన్న సన్‌రైజర్స్ ఎలిమినేటర్ నుంచి వచ్చి కప్పు కొట్టింది కదా. కింది జట్టుకు దారి మూయనక్కర్లేదు, పై జట్టుకు కాస్త ఆసరా ఇస్తే చాలు.

విశాఖ స్లగ్గర్

జపాన్ పద్ధతికి నా ఓటు. ఐదు ఆటల సిరీస్‌లో పై జట్టుకు 1-0 ముందే ఇస్తే, మిగతా నాలుగింట రెండు గెలిస్తే చాలు. అదే 55 శాతంతో అవకాశం 59 నుంచి 76కు పెరుగుతుంది. కొరియాది మాత్రం వద్దు, అక్కడ 2023లో ఎల్‌జీ ట్విన్స్ ఫైనల్ కోసం మూడు వారాలు ఖాళీగా కూర్చుంది. గెలిచిందనుకోండి, కానీ అన్ని రోజులు ఆట లేకుండా ఉండటం పిచర్లకూ మంచిది కాదు.

కర్వ్‌బాల్ కర్నూలు

76 శాతం మరీ ఎక్కువ, సిరీస్ చూడబుద్ధి కాదు. నా మాట వేరే: విశ్రాంతి రోజులు కోసేయండి. 2023లో డాడ్జర్స్, అరిజోనా సిరీస్ అక్టోబర్ 7, 9, 11న జరిగింది. మొదటి రెండూ లాస్ ఏంజెలెస్‌లోనే, ప్రయాణం లేదు, అయినా మధ్యలో ఒక రోజు ఖాళీ. ప్రయాణం లేని రోజు ఆట పెట్టండి. నాలుగో స్టార్టర్, ఆరో రిలీవర్ లేని జట్టు అప్పుడు బయటపడుతుంది. బుల్‌పెన్ కబుర్లు గారు చెప్పిన లోతు పరీక్ష అక్టోబర్‌లోనూ జరుగుతుంది.

బుల్‌పెన్ కబుర్లు

కోత పెట్టాల్సిందే. కానీ మీరు తీసుకున్న ఆ సిరీస్‌లో డాడ్జర్స్‌ను ముంచింది విశ్రాంతి రోజులు కాదు. మొదటి ఆటలో క్లేటన్ కర్షా ఒక్కరినే అవుట్ చేసి 6 రన్స్ ఇచ్చాడు, మూడో ఆటలో లాన్స్ లిన్ ఒకే ఇన్నింగ్స్‌లో నాలుగు హోమ్ రన్స్ ఇచ్చాడు. గాయాలతో స్టార్టర్లు కరువై అక్టోబర్‌కు వచ్చిన జట్టది. రోజూ ఆడించి ఉంటే ఇంకా ముందే బయటపడేది. ఖాళీ రోజులు తీసేస్తే మేలు పొందేది 100 గెలిచిన జట్టే కావాలని లేదు, ఆ వారానికి నలుగురు ఆరోగ్యంగా ఉన్న స్టార్టర్లు ఎవరికుంటే వాళ్లది.